ఫ్రాన్సులో రాజు సర్వాధికారి అయింది మతయుద్ధాల వల్లా, పన్నుల వల్లా? (ఒక మాక్ టెస్టు కీ మీద గొడవ)

#1 ఈసారైనా_గ్రూప్స్
అందరికీ నమస్కారం. నేను చేరిన కోచింగ్ సెంటర్ మాక్ టెస్టులో ఒక బిట్టు. "ఫ్రాన్సులో నిరంకుశ రాచరికం బలపడడానికి ప్రధాన కారణం: ఎ) 1562–98 మతయుద్ధాలు బి) ముప్పై ఏళ్ల యుద్ధం ఖర్చులు సి) సముద్ర వాణిజ్యం డి) వర్తక వర్గం ఎదుగుదల." నేను బి పెట్టాను. కీలో ఎ ఇచ్చారు. అడిగితే "నోట్సులో అట్లానే ఉంది" అన్నారు. పైగా నెగెటివ్ మార్కు. ఇక్కడ యూరప్ చరిత్ర బాగా తెలిసినవాళ్లున్నారు కదా, ఏది కరెక్టో తేల్చండి.

#2 రాతికోట
కీ సరైనదే. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదవండి.

1562 మార్చి 1న వాసీ అనే ఊళ్లో క్యాథలిక్ ప్రభువు గీజ్ డ్యూకు మనుషులు ప్రార్థనలో ఉన్న ప్రొటెస్టెంట్లను నరికారు. ఫ్రాన్సు ప్రొటెస్టెంట్లను హ్యూగెనాట్లంటారు. అక్కణ్ణుంచి 1598 దాకా ఎనిమిది యుద్ధాలు. 1572 ఆగస్టు 24న, సెయింట్ బార్తొలోమ్యూ పండగ రోజున, పారిస్‌లో మొదలైన ఊచకోత వారాల తరబడి మిగతా పట్టణాలకు పాకింది. 1589లో మూడో హెన్రీని ఒక సన్యాసి కత్తితో పొడిచి చంపాడు. 1610లో నాలుగో హెన్రీని రవాయాక్ అనేవాడు పొడిచి చంపాడు. ఇరవై ఒక్క ఏళ్లలో ఇద్దరు రాజులు పోయారు.

బార్తొలోమ్యూ తర్వాత హ్యూగెనాట్లు "దుర్మార్గుడైన రాజును ఎదిరించవచ్చు" అని పుస్తకాలు రాశారు. 1584లో రాజు తమ్ముడు చనిపోయి, ప్రొటెస్టెంటు అయిన నవార్ హెన్రీ (తర్వాత ఇతనే నాలుగో హెన్రీ) సింహాసనానికి వారసుడయ్యేసరికి అదే వాదన క్యాథలిక్ లీగు ఎత్తుకుంది. రాజును దించొచ్చని రెండు పక్షాలూ అంటుంటే దేశం ఎట్లా నిలుస్తుంది? సార్వభౌమాధికారం ఒక్క చోటే ఉండాలని జాఁ బోదాఁ అనే రాజనీతి పండితుడు 1576లో రాసింది ఈ మంటల మధ్యే. 1614 ఎస్టేట్స్ జనరల్‌లో (మతగురువులు, ప్రభువులు, సామాన్యులు అనే మూడు వర్గాల ప్రతినిధుల సభలో) మూడో ఎస్టేటు, అంటే సామాన్యుల వర్గం, పెట్టిన మొట్టమొదటి అంశం చూడండి: రాజు కిరీటం దేవుడిచ్చింది, పోపుతో సహా భూమ్మీద ఏ శక్తికీ దాన్ని తీసే హక్కు లేదు, దీన్ని మూల శాసనంగా ప్రకటించాలి. మాకు సర్వాధికారి కావాలని సామాన్యుల ప్రతినిధులే నోరు తెరిచి అడిగారు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

#3 లెక్కలమాస్టారు
1614 సంగతి సగమే చెప్పారు. మిగతా సగం: మతగురువుల ఎస్టేటు ఒప్పుకోలేదు, కార్డినల్ ద్యు పెర్రోఁ పెద్ద ఉపన్యాసం దంచాడు, చివరికి రాజే ఆ అంశాన్ని తన దగ్గరికి లాక్కుని అర్జీల్లోంచి తీయించాడు. సర్వాధికారం ఇస్తామంటే పుచ్చుకోవడానికే జంకిన ప్రభుత్వం అది. ఆ బోదాఁ కూడా జనం సమ్మతి లేకుండా పన్ను వేయకూడదన్నవాడే. 1576 బ్లువా సభలో మూడో ఎస్టేటు ప్రతినిధిగా కూర్చుని, యుద్ధం మళ్లీ మొదలెట్టడానికీ, రాజు భూములు అమ్ముకోవడానికీ అడ్డుపడ్డాడు.

సర్వాధికారం అంటే పుస్తకంలో వాక్యం కాదు. ఊళ్లో పన్ను ఎవడు వేస్తాడు, ఎవడు వసూలు చేస్తాడు, కట్టకపోతే ఎవడొస్తాడు, అదీ అధికారం. తాయ్ అనే ప్రత్యక్ష పన్ను తీసుకోండి. ఏడాదికి ఎంత కావాలో రాజు కౌన్సిల్ ఒక మొత్తం తేలుస్తుంది. దాన్ని జెనెరాలితే అనే పెద్ద మండలాలకు పంచుతారు, అక్కణ్ణుంచి ఎలెక్సియోఁ అనే చిన్న మండలాలకు, అక్కణ్ణుంచి పారిష్‌లకు, అంటే ఊళ్లకు. ఊళ్లో ఆ ఏటి వసూలుదార్లను ఊరివాళ్లలోంచే పెడతారు. లెక్క తగ్గితే జైలుకు పోయేది వాళ్లే. ప్రభువులు కట్టరు, మతగురువులు కట్టరు, చాలా పట్టణాలు కట్టవు.

ఇది ఎక్కడ పాడైంది? మధ్యలో పంపకం చేసే 'ఎలూ' అధికారులు ఉద్యోగాన్ని డబ్బిచ్చి కొనుక్కున్నవాళ్లు. 1604లో పోలెట్ వచ్చింది: ఉద్యోగం విలువలో 60వ వంతు ఏటా కడితే అది కొడుకుకు దక్కుతుంది. అంతకుముందు, ఉద్యోగం ఇంకొకరికి రాసిచ్చాక 40 రోజులైనా బతక్కపోతే అది తిరిగి రాజుకే పోయేది. పోలెట్ కట్టినవాడికి ఆ భయం లేదు. అంటే ఆ అధికారిని రాజు తీసెయ్యలేడు. వాడు తన బంధువులున్న ఊళ్లకు వాటా తగ్గించి పక్క ఊళ్ల మీద మోపుతాడు, ఆ ఊళ్లు కట్టలేవు, బకాయిలు పేరుకుంటాయి.

1635 మేలో ఫ్రాన్సు స్పెయిన్ మీద యుద్ధం ప్రకటించి ముప్పై ఏళ్ల యుద్ధంలోకి నేరుగా దిగింది. కొన్నేళ్లలోనే పన్నుల భారం రెండింతలు దాటింది. పాత యంత్రం ఆ బరువు మోయలేదు. అందుకే రాజు ఇంటెండెంట్లను దింపాడు. వీళ్లు ఉద్యోగం కొన్నవాళ్లు కాదు, కమిషన్ మీద వచ్చినవాళ్లు, రేపు వద్దంటే వెళ్లిపోవాల్సిందే. 1642 ఆగస్టులో తాయ్ పంపకమే వాళ్ల చేతిలో పెట్టారు. నిరంకుశ రాచరికం పుట్టిన తేదీ కావాలంటే అది రాసుకోండి. అందులో బైబిలూ లేదు, పోపూ లేడు. బి.

#4 మిర్చిబజ్జి
"రాజ్యమంటే నేనే" అని లూయీ 14 అన్నాడు కదా. అంతే. టాపిక్ క్లోజ్.

#5 నీలిసిరా
అన్నట్టు ఆధారం లేదు. 1655 ఏప్రిల్‌లో వేట దుస్తుల్లో పారిస్ పార్లమాఁకి వచ్చి అన్నాడని కథ. పార్లమాఁ అంటే చట్టసభ కాదు, పెద్ద కోర్టు. ఆ రోజు నమోదుల్లో ఆ మాట లేదు. పరీక్షలో రాయొద్దు.

#6 రాతికోట
మాస్టారూ, మీ లెక్కలన్నీ 1635 తర్వాతివి. 1635లో బయటి యుద్ధానికి వెళ్లాలంటే ముందు ఇల్లు చక్కబడాలి కదా? అది చక్కబడింది 1628లో, హ్యూగెనాట్ల రేవు పట్టణం లా రోషెల్ దగ్గర, రాజు సైన్యం దాన్ని ముట్టడించి లొంగదీసినప్పుడు.

నాలుగో హెన్రీ హ్యూగెనాట్లకు ఇచ్చిన నాంట్ శాసనం (1598 ఏప్రిల్) మతస్వేచ్ఛ ఒక్కటే ఇచ్చిందనుకుంటారు చాలామంది. దానికి తోడు రెండు రాజపత్రాలున్నాయి. ఒకటి పాస్టర్ల జీతాలకు ఏటా 45,000 ఎక్యూలు (అప్పటి నాణేలు) ఇచ్చింది. రెండోది హ్యూగెనాట్ల చేతిలో ఉన్న పట్టణాలను 8 ఏళ్లు వాళ్ల దగ్గరే ఉండనిచ్చి, వాటిలో సైన్యానికి రాజు ఖజానా నుంచే ఏటా 1,80,000 ఎక్యూలు ఇప్పించింది. అన్నీ కలిపితే దాదాపు 150 చోట్లు, అందులో సగం దాకా సైన్యం ఉన్న కోటలు. రాజు మీద కాపలాకి రాజే జీతం ఇవ్వడం! ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

ఆ కోటలతో ఏం చేశారు? 1620లో లూయీ 13 బేఆర్న్ వెళ్లి చర్చి భూములు క్యాథలిక్కులకు తిరిగి ఇప్పిస్తే, 1621లో లా రోషెల్‌లో హ్యూగెనాట్ల సభ కూర్చుని దేశంలో తమ ప్రాంతాలను ఎనిమిది మండలాలుగా విడగొట్టి ఒక్కోదానికి సేనాధిపతిని పెట్టింది. దీన్ని రాజ్యంలో రాజ్యం అనకపోతే ఏమంటారు?

ఖర్చు ఖర్చు అంటున్నారు, రోషెల్ ముట్టడికి 1628లో మతగురువుల సభ 30 లక్షల లీవ్ర్‌లు (అప్పటి ఫ్రాన్సు డబ్బు) ఇచ్చింది. అంటే డబ్బు వచ్చింది కూడా మతం నుంచే.

#7 ఓరుగల్లు_పోరడు
అన్నా, రోషెల్ సముద్రం మీద గోడ కట్టిండ్రంటరు గదా, మధ్యల సందు ఇడిచిండ్రట. మూసెయ్యక సందు ఎందుకు ఇడిచిండ్రు? ఓడలు దాంట్లకెళ్లి రావా?

#8 రాతికోట
మంచి ప్రశ్న. అక్కడ ఆటుపోట్లు చాలా పెద్దవి, నీటిమట్టం రోజుకు రెండుసార్లు మీటర్లకొద్దీ ఎక్కి దిగుతుంది. పూర్తిగా మూస్తే నీళ్ల ఒత్తిడికి గోడే కొట్టుకుపోతుంది. కట్టిన పద్ధతి ఇది: రాళ్లు నింపిన పాత ఓడల్ని వరసగా ముంచి పునాది వేశారు, దాని మీద దుంగలు, రాతిముక్కలు. రెండు ఒడ్డుల నుంచీ కట్టుకుంటూ వచ్చి మధ్యలో నీళ్లు పోయే దారి వదిలారు. ఆ దారికి అడ్డంగా నీళ్లలో ముంచిన ఓడలు, బయట గొలుసులతో కట్టిన పడవలు, గోడ మీద ఫిరంగులు. నడిపించింది క్లెమాఁ మెతెజో అనే వాస్తుశిల్పి, జాఁ తిరియో అనే తాపీమేస్త్రీ. పొడవు సుమారు 1,500 మీటర్లు. భూమి వైపు 12 కిలోమీటర్ల కందకం, 11 కోటలు. 1628 మేలో ఇంగ్లిష్ నౌకలు వచ్చి చూసి, ఏమీ చేయలేక తిరిగి వెళ్లాయి. శరదృతువులో ఇంకోసారి వచ్చి ఫిరంగులు కాల్చి, నిప్పు పడవలు వదిలినా లాభం లేకపోయింది. అక్టోబర్ 28న ఊరు లొంగిపోయింది.

#9 లెక్కలమాస్టారు
గోడ పొడవు 1,400 అని కూడా రాస్తారు. 1,500 అని ఖాయంగా చెప్పకండి.

#10 రాతికోట
"సుమారు" అన్నాను మాస్టారూ. తెలుగే కదా రాసింది.

#11 లెక్కలమాస్టారు
సుమారు అంటూనే మీరు మొత్తం వాదన కడుతున్నారు. 30 లక్షలు మతగురువులు ఇచ్చారన్నారు. సంతోషం. తర్వాత 1635 నుంచి 1659 దాకా స్పెయిన్‌తో ఇరవై నాలుగేళ్లు యుద్ధం నడిచింది. దానికి ఎవరు ఇచ్చారు? క్యాథలిక్ రైతులు ఇచ్చారు. ఎట్లా ఇచ్చారో చూడండి. 1636–37లో నైరుతిలో క్రోకాఁల తిరుగుబాటు. 1639లో నార్మండీలో ను-పియే, అంటే 'కాళ్లకు జోళ్లు లేనివాళ్లు'. కోతాంతాఁ తీరంలో ఉప్పు కలిసిన ఇసుకను కడిగి, ఆ నీళ్లు కాచి ఉప్పు తీసేవాళ్లుండేవారు. వాళ్లకి ఉప్పు పన్ను తక్కువ. ఆ మినహాయింపు తీసేసి పూర్తి గాబెల్ (ఉప్పు పన్ను) వేస్తారని పుకారు పుట్టగానే అవ్రాఁష్ చుట్టుపక్కల లేచారు. ఛాన్సలర్ సెగియే సైన్యంతో వచ్చి అణిచాడు, రూఆఁ పార్లమాఁను పక్కన పెట్టేశాడు. వీళ్లలో హ్యూగెనాట్ల కోట ఒక్కటి చూపించండి.

1648లో ఫ్రాఁద్ తిరుగుబాటు వచ్చినప్పుడు పారిస్ న్యాయాధికారులు షాఁబర్ సాఁ-లూయీ అనే కోర్టు గదిలో కూర్చుని పెట్టిన మొదటి షరతుల్లో ఒకటి: ఇంటెండెంట్లను వెనక్కి పిలవండి. మతం గురించి కాదు. దేనివల్ల నొప్పి పుట్టిందో మనిషి దాన్నే తీయమంటాడు. ప్రభుత్వం ఆ జులైలోనే సరిహద్దు వైపు కొన్ని ప్రాంతాలు తప్ప మిగతా చోట్ల అందర్నీ పిలిపించుకుంది. 1653లో ఫ్రాఁద్ అణిగాక మళ్లీ దింపింది.

ఇంకొకటి. డెన్మార్క్. దేశమంతా లూథరన్లే, లోపల మతయుద్ధం లేదు. స్వీడన్‌తో యుద్ధంలో చితికి, 1660లో అప్పుల్లో మునిగి ఉండగా, కోపెన్‌హాగన్ పట్టణవాసులు, మతగురువులు కలిసి ప్రభువుల నోరు మూయించి రాజుకు వంశపారంపర్య సర్వాధికారం కట్టబెట్టారు. 1665లో దాన్ని శాసనంగా రాశారు. లూయీ 14 కూడా కాగితం మీద అంత రాయించుకోలేదు. ఎ సరైనదైతే డెన్మార్క్ ఎట్లా వచ్చింది?

#12 రాతికోట
ప్రశ్నలో ఫ్రాన్సు అని ఉంది, డెన్మార్క్ అని లేదు. సరే మీ దారిలోనే వస్తాను: బొహీమియా. 1620 నవంబర్ 8న తెల్లకొండ యుద్ధంలో ప్రొటెస్టెంటు ఎస్టేట్లు ఓడిపోయాయి. 1621 జూన్‌లో ప్రాగ్ చౌరస్తాలో 27 మందికి మరణశిక్ష. 1627లో కొత్త భూశాసనం: కిరీటం హాబ్స్‌బర్గుల వారసత్వం, మతం క్యాథలిక్ ఒక్కటే. ఏడేళ్లలో ఎన్నుకునే రాజు పోయి వంశపారంపర్య రాజు వచ్చాడు. మతయుద్ధం, వెంటనే సర్వాధికారం. ఇంకేం కావాలి?

#13 లెక్కలమాస్టారు
హాలెండులో మతయుద్ధం జరిగి గణతంత్రం వచ్చింది. ఇంగ్లండులో మతం మీద గొడవపడి 1649లో రాజు తలే తీశారు. మీ సూత్రం సగం దేశాల్లో తిరగబడుతోంది.

#14 పల్నాడు_వజ్రం
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మన కొల్లూరు గనుల గురించి రాసిన టావెర్నియె హ్యూగెనాటే. గోల్కొండ రాజ్యం నుంచి తెచ్చిన నీలి వజ్రాన్ని 1660ల చివర్లో లూయీ 14కే అమ్మి ప్రభు హోదా పొందాడు. 1670లో స్విట్జర్లాండులో ఓబన్ జమీ కొన్నాడు, 1680ల మధ్యలో దాన్ని అమ్ముకున్నాడు. ముసలితనంలో మళ్లీ ప్రయాణం కట్టి 1689లో మాస్కోలో పోయాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది.

#15 నీలిసిరా
నేను ఇందాకట్నుంచీ చూస్తున్నాను. గోడ 1,400 మీటర్లా 1,500 మీటర్లా అని వాదించుకుంటున్నారు కానీ గోడ లోపల ఏం జరిగిందో ఇద్దరూ ఎత్తలేదు. ముట్టడికి ముందు లా రోషెల్‌లో సుమారు 27,000 మంది. లొంగిపోయే నాటికి 5,000. ముసలివాళ్లను, ఆడవాళ్లను ఊరు బయటికి పంపిస్తే రాజు సైన్యం కందకం దాటనివ్వలేదు. రెండు గీతల మధ్య ఆకలితో చచ్చారు. రాతికోట గారికి ఇది "ఇల్లు చక్కబడడం".

#16 రాతికోట
మేడమ్, మాట జారకండి. నేను చావుల్ని సమర్థించలేదు. ఇంగ్లండు రాజును పిలిపించుకున్నది రోషెల్ వాళ్లే. 1627 జులైలో ఇంగ్లిష్ సేనాని బకింగ్‌హామ్ పక్కనే ఉన్న రే దీవిలో దిగింది ఎవరి కోసం? శత్రు నౌకలకు రేవు తెరిచిన పట్టణాన్ని ఏ ప్రభుత్వమైనా వదులుతుందా? పైగా 27,000లో చచ్చినవాళ్లెంత, పారిపోయినవాళ్లెంత అన్నది వేరు లెక్క.

అసలు పాయింటు మీరు దాటేస్తున్నారు. 1629 జూన్‌లో అలెస్ ఒప్పందంలో లూయీ 13 ముఖ్యమంత్రి కార్డినల్ రిషెల్యూ ఏం తీసుకున్నాడు? కోటలు, రాజకీయ సభలు. ఏం వదిలాడు? ప్రార్థన, ఉద్యోగాలు, కోర్టులు అన్నీ. గెలిచిన కార్డినల్, ఓడిన ప్రొటెస్టెంట్ల మతాన్ని ముట్టుకోలేదు. 1562 నుంచి ఏ పక్షం గెలిచినా చేయలేని పని బలమైన రాజు చేశాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైగా మతం పేరున ఫ్రాన్సులో యుద్ధం లేదు. నేను చెప్పేది అదే.

#17 మిర్చిబజ్జి
ఇది చదువుతుంటే మన దగ్గర ఇప్పుడు జరిగేవే గుర్తొస్తున్నాయి. ఎవరని చెప్పను కానీ...

#18 మోడరేటర్
చెప్పకండి. ఇక్కడి రాజకీయాలు ఈ దారంలోకి తెస్తే పోస్టు తీసేస్తాను. 17వ శతాబ్దంలోనే ఉండండి.

#19 నీలిసిరా
"ముప్పై ఏళ్లకు పైగా శాంతి" అన్నారు కదా, ఆ ముప్పై ఏళ్ల తర్వాత కూడా చెప్పండి. మీరు ఆపిన చోటు నుంచి నేను చెప్తాను.

1629 తర్వాత హ్యూగెనాట్లకు కోట లేదు, సభ లేదు. ఫ్రాఁద్‌లో క్యాథలిక్ ప్రభువులు, కోర్టులు రాజు మీద తిరగబడితే వీళ్లు చాలావరకు కదల్లేదు. 1652 మేలో లూయీ 14 పేరున ప్రకటన కూడా వచ్చింది: వీళ్లు విధేయులుగా ఉన్నారు, నాంట్ శాసనం ఖాయం అని. రాతికోట గారు కోరినట్టే నడుచుకున్నారన్నమాట. బహుమానం ఏమిటి?

1661 నుంచి కమిషనర్లు ఊరూరా తిరిగి శాసనాన్ని అక్షరం అక్షరం చదివారు. ప్రార్థన హక్కు 1596–97లో అక్కడ ఉండేదని కాగితం చూపిస్తేనే గుడి ఉంటుంది, లేకపోతే కూల్చివేత. శాసనంలో రాయనిదంతా నిషేధమని అర్థం తీశారు. శవాన్ని పగలు తీసుకుపోకూడదు, తెల్లవారుజామునో చీకటి పడ్డాకో తీసుకుపోవాలి, వెంట ఇంతమందే ఉండాలి. 1669లో పారిస్, రూఆఁల్లో శాసనం కేసుల కోసం ఉన్న కోర్టులు తీసేశారు. 1679లో క్యాథలిక్, ప్రొటెస్టెంటు న్యాయమూర్తులు కలిసి కూర్చునే కోర్టులూ పోయాయి. 1681 జూన్ నుంచి ఏడేళ్ల పిల్ల "నేను క్యాథలిక్ అవుతా" అంటే చాలు, తల్లిదండ్రుల మాట చెల్లదు. 1676 నుంచి మతం మారినవాడికి డబ్బిచ్చే నిధి ఒకటి.

1681లోనే పశ్చిమ ఫ్రాన్సులోని ప్వాతూ ప్రాంతంలో డ్రాగన్ దళాలు. గుర్రపు సైనికుల్ని ప్రొటెస్టెంట్ల ఇళ్లలో దింపుతారు. తిండి, పడక, గుర్రానికి గడ్డి అన్నీ ఆ ఇంటివాడే పెట్టాలి. సైనికుడు ఏం విరగ్గొట్టినా అడిగే నాథుడు లేడు. మతం మారితే రెండేళ్లు సైనికుల్ని దింపరని ఉత్తర్వు. ఒక ఇల్లు మారగానే అక్కడి సైనికులు పక్కింటికి పోతారు, అప్పుడు మొండికేసిన ఇంటి మీద పదిమంది పడతారు. ఊళ్లకు ఊళ్లు రోజుల్లో మారిపోయాయి. "అందరూ మారిపోయారు, ఇక శాసనం ఎవరికి?" అని 1685 అక్టోబర్‌లో ఫాంతెన్‌బ్లోలో రద్దు చేశారు. పాస్టర్లకు దేశం వదలడానికి 15 రోజులు. మామూలు జనం వదిలిపోతే మగాడికి ఓడల్లో తెడ్డు శిక్ష, ఆడవాళ్లకు జైలు. అయినా లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పారిపోయారు.

మీ బలమైన రాజు సృష్టించిన శాంతి ఇది.

#20 లెక్కలమాస్టారు
నీలిసిరా గారు చెప్పినదాంట్లో ఒకటి అందరూ గమనించాలి. ప్వాతూలో ఆ సైనికుల్ని దింపించింది ఎవరు? మారియాక్. అతను బిషప్పు కాదు, ఇంటెండెంటు. పన్ను కోసం తయారైన మనిషి. ఇళ్లలో సైనికుల్ని దింపి లొంగదీయడం కూడా కొత్తగా ప్రొటెస్టెంట్ల కోసం కనిపెట్టింది కాదు. 1675లో స్టాంపు కాగితం పన్ను మీద బ్రిటనీ లేచినప్పుడు, రెన్ పట్టణంలో చలికాలమంతా సైన్యాన్ని ఇళ్లలో పెట్టారు, అక్కడి పార్లమాఁను వాన్‌కి తరిమారు. వాళ్లందరూ పచ్చి క్యాథలిక్కులే. యంత్రం డబ్బు కోసం పుట్టింది, తర్వాత మతం మీద తిప్పారు. మొదటి నుంచీ నేను మొత్తుకుంటున్నది ఇదే.

#21 రాతికోట
మాస్టారూ, మీకు ప్రతిదీ మీ పద్దులోకే వస్తుంది.

మేడమ్, 1685 ఘోరం. కాదన్నవాడెవడు? కానీ మీరు 1685 చూపించి 1628ని కొట్టేస్తున్నారు. అది లూయీ చేసిన పని, సర్వాధికారం చేసిన పని కాదు. అదే సర్వాధికారంతో రిషెల్యూ, అతని తర్వాత మంత్రి అయిన మజరాఁ ఇద్దరూ వాళ్లను బతకనిచ్చారు. ఇద్దరూ కార్డినల్స్!

సూటిగా అడుగుతాను. కోటలు వాళ్ల దగ్గరే ఉంచాల్సింది అంటారా? అంటే ప్రతి మతానికీ సొంత సైన్యం, సొంత ఫిరంగులు, సొంత విదేశీ మిత్రులు? ముప్పై ఆరేళ్లు అదే కదా జరిగింది. తుపాకీ ఒక్కడి చేతిలోనే ఉండాలి.

#22 నీలిసిరా
ఇప్పటికి బయటపడ్డారు. ఎ, బి అని ఇరవై పోస్టులు రాశాం, మీ గొడవ అది కానే కాదు. మీరు చెప్పదలచుకున్నది "ఒక్కడి చేతిలో అధికారం ఉంటే మంచిదే" అని. నేను చెప్పేది: ఆ ఒక్కడి తుపాకీ 1681లో ఎవరి వంటింట్లో దిగింది?

కోటలు ఉంచాలని నేను అనలేదు. కోట ఉంటే యుద్ధం, కోట లేకపోతే దయ. మూడోది లేదా? ఉంది. జర్మనీ సరిహద్దులోని అల్సాస్ చూడండి. అక్కడి లూథరన్లను 1685 రద్దు ముట్టుకోలేదు. ఎందుకు? ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ముగించిన 1648 వెస్ట్‌ఫేలియా ఒప్పందం. మిగతా రాజ్యాలు సంతకం పెట్టినది. లూయీ ఒక్కడే చించడానికి వీల్లేదు. అదే రాజు, అదే మంత్రి లువ్వా, అదే ఇంటెండెంట్లు. తేడా అంతా హామీ ఎవరి చేతిలో ఉందన్నదే. నాంట్ శాసనాన్ని రాజు ఇచ్చాడు, రాజు తీసుకున్నాడు.

#23 రాతికోట
అల్సాస్‌ని మరీ అంత తియ్యగా చూపించకండి. 1681 సెప్టెంబర్ 30న స్ట్రాస్‌బర్గ్‌ను తీసుకోగానే పెద్ద చర్చిని క్యాథలిక్కులకు ఇచ్చేశారు. ఊళ్లో ఏడు క్యాథలిక్ కుటుంబాలుంటే లూథరన్ చర్చిలో పూజాస్థానం ఉన్న భాగాన్ని వాళ్లకు అప్పగించాలన్నారు. ఒప్పందం కాగితం ఆపలేదు.

#24 నీలిసిరా
చర్చిలో సగం పోయింది, నిజమే. కానీ ఇళ్లలో డ్రాగన్లు దిగి ఊళ్లకు ఊళ్లు మతం మార్చలేదు, పాస్టర్లను పదిహేను రోజుల్లో తరమలేదు. ఆ సగానికీ, మొత్తానికీ ఉన్న తేడా కోసమే నేను వాదిస్తున్నది.

#25 ఈసారైనా_గ్రూప్స్
సార్, మేడమ్, చాలా నేర్చుకున్నాను కానీ కీకి అభ్యంతరం పెట్టాలా వద్దా? రేపే ఆఖరి రోజు.

#26 లెక్కలమాస్టారు
పెట్టండి. మూడు పాయింట్లు చాలు. 1635 యుద్ధం, 1642లో తాయ్ పంపకం ఇంటెండెంట్ల చేతికి రావడం, 1648లో పారిస్ న్యాయాధికారులు అదే ఇంటెండెంట్లను తీసేయమనడం. డెన్మార్క్ ఎత్తకండి, దిద్దేవాళ్లకు కోపం వస్తుంది.

#27 రాతికోట
పెట్టకండి. "బలపడడానికి" అని ఉంది ప్రశ్నలో. 1628 లేకుండా 1635 లేదు. రోషెల్ పడకపోతే రిషెల్యూ స్పెయిన్ వైపు తల తిప్పగలిగేవాడా?

#28 లెక్కలమాస్టారు
తల తిప్పడానికి రోషెల్ పడాలి, నిజం. అడుగు వేయడానికి జీతం పడాలి. 1689 దాకా బ్రిటనీలో ఇంటెండెంటే లేడు, 'సర్వాధికారి' లూయీ అక్కడ పన్ను కావాలంటే ఎస్టేట్స్ సభతో బేరం ఆడాల్సిందే. మతం విషయంలో బ్రిటనీ ఎప్పుడో చక్కబడింది. దీనికి జవాబు చెప్పి అప్పుడు ఎ పెట్టమనండి.

#29 రాతికోట
చెప్తాను. బ్రిటనీ ఎస్టేట్స్ పద్ధతి వేరు, దానికి రెండు పోస్టులు పడతాయి. రాత్రికి రాస్తా.

#30 ఓరుగల్లు_పోరడు
గా సందు సంగతి బాగ చెప్పిండ్రన్నా, థాంక్స్. ఇంగొకటి, తుఫాన్లకు గోడ కొట్టుకపోతే మల్ల ఎట్ల కట్టిండ్రు?